రిలీవర్ టైమ్‌కి వచ్చింది

మార్చి 26, 2025, బుధవారం

డ్యూటీ రూమ్ బోర్డు మీద కొత్త నోటీసు అంటించారు. నర్సుల్లో బర్నౌట్ తగ్గించడానికి పాజిటివ్ సైకాలజీ శిక్షణ, శనివారం పొద్దున పది గంటలకు, హాజరు తప్పనిసరి. కింద ఇంకో ముక్క: ఆఫ్‌లో ఉన్నవాళ్ళు, నైట్ దిగినవాళ్ళు కూడా రావాలి. అంటే రాత్రంతా మేలుకుని, పొద్దున నిద్ర మానుకుని, అలసట ఎలా తగ్గించుకోవాలో నేర్చుకోవాలన్నమాట. మా సీనియర్ చేచి నోటీసు చదివి, 'నైట్ దిగినవాళ్ళు' కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ఏమీ అనకుండా మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. చేచి అంటే మలయాళంలో అక్క, ఈమెది కేరళలో కొట్టాయం. మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్‌కి వచ్చాకే జుట్టు నెరిసింది.

మార్చి 29, శనివారం

శిక్షణ అయింది. నాగపూర్ నుంచి వచ్చిన కుర్రాడు, బాగానే చెప్పాడు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు న్యూయార్క్‌లో పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, రాత్రిళ్ళు ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడట. అక్కడి వాలంటీర్లు నెలలు గడిచేకొద్దీ ఎలా డీలా పడిపోతున్నారో చూసి బర్నౌట్ గురించి రాశాడు. తనకీ అదే అయింది. నైట్ డ్యూటీ చేసినవాడు రాశాడని తెలిశాక నాకు వినాలనిపించింది.

తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ కలిసి 22 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు సంగతులు కొలుస్తారు. లోపల ఇంకేమీ మిగల్లేదనిపించేంత అలసట ఒకటి. ఎదుట ఉన్న రోగి మనిషిలా అనిపించకపోవడం రెండోది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనివల్ల ఎవరికేం ఒరిగిందనిపించడం మూడోది.

రెండోది వినగానే వార్డంతా కళ్ళముందు తిరిగింది. "పద్నాలుగుకి ఇంజెక్షన్ అయిందా?", "ఆరు వాంతి చేసుకుంది", "ఇరవై రెండుని స్కాన్‌కి పంపారా?" పొద్దున్నుంచి మా నోట్లో నలిగేవి ఇవే. పద్నాలుగు అంటే ఘుగ్గూస్ గనుల్లో భర్త పోయిన మనిషి. ఆమె పేరు నాకు ఫైలు చూస్తే తప్ప గుర్తు రాదు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో బర్నౌట్‌ని జబ్బుగా చేర్చలేదనీ, సరిగా సంబాళించని పని ఒత్తిడి వల్ల ఉద్యోగంలో వచ్చే స్థితి అని మాత్రమే రాసిందనీ ఒక స్లైడు చెప్పింది. సరిగా సంబాళించాల్సింది ఎవరో ఆ స్లైడులో లేదు. కుర్రాడూ అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

చివర్లో తెర మీద పెద్ద అక్షరాల్లో 3:1. ఒక చెడు అనుభూతికి మూడు మంచివి ఉంటే మనిషి వికసిస్తాడట. చేచి లేచి హిందీలో అడిగింది: "సార్, రాత్రి మా వార్డులో ఎంతమంది పేషెంట్లకి ఒక సిస్టరో తెలుసా మీకు?" తెలీదన్నాడు. వార్డు నిండితే ముప్పై దాటుతారని చెప్పింది. హాలంతా నవ్వింది. కుర్రాడు మాత్రం నవ్వకుండా ఆ అంకె తన పుస్తకంలో రాసుకున్నాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

మార్చి 30, ఆదివారం

ఉగాది. ఇక్కడ గుడీ పాడ్వా కూడా ఇవాళే. పక్కింటి వాళ్ళ గుమ్మం మీద గుడీ కర్ర, మా ఇంట్లో పచ్చడి. నాన్న బల్లార్‌పూర్ కాగితం మిల్లులో చేరడానికి పెద్దపల్లి వైపు నుంచి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో రెండూ పండగలే. మధ్యాహ్నం రెండుకి డ్యూటీ. పచ్చడి స్టీలు డబ్బాలో పెట్టుకుని ఎస్టీ బస్సు ఎక్కాను. వార్డులో అందరికీ తలా చెంచా. చేచి మిరపకాయ ముక్క నమిలి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఏప్రిల్ 5, శనివారం

మహాకాళి యాత్ర మొదలైంది. గుడి చుట్టూ, ఝర్‌పట్ నది ఒడ్డున ఎటు చూసినా జనం. నాందేడ్ వైపు నుంచి, తెలంగాణ నుంచి లారీల మీద, రైళ్ళలో వచ్చి రోజుల తరబడి అక్కడే వండుకుని తింటారు. వాళ్ళతోపాటు మాకు ఎండదెబ్బలు, వాంతులు, విరేచనాలు.

ఇవాళ ఆసిఫాబాద్ దగ్గర్నుంచి ఒక ముసలామె వచ్చింది. బీపీ బాగా పడిపోయింది. సలైన్ పెడుతుంటే, పక్కన ఉన్న మావుశితో, అంటే ఆయాతో, నేను మాట్లాడిన తీరు బట్టి పట్టేసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"మా నాయినది పెద్దపల్లి దిక్కు అవ్వా. నేను పుట్టింది ఈన్నే, బల్లార్షల."

"గట్లనా! మనోళ్ళే. నేనేమో అందరు మరాఠోళ్ళే ఉంటరనుకుని నోరు మూస్కొని పన్నా."

సాయంత్రానికి మూత్రం వచ్చింది, బీపీ నిలబడింది. బయట వరండాలో ఆమె మనవలు కొబ్బరి చిప్పలు పంచుతున్నారు. ఆమె పేరు లచ్చవ్వ అనుకుందాం. అసలు పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. బెడ్ నంబరు గుర్తు లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

శిక్షణలో చెప్పిన వాటిలో ఒకటే మొదలుపెట్టాం. రోజుకి మూడు మంచి సంగతులు రాయడం, అవి ఎందుకు జరిగాయో పక్కన ఒక ముక్క రాయడం. డ్యూటీ రూమ్‌లో రెండొందల పేజీల పుస్తకం పెట్టాను. పేరు రాయక్కర్లేదు, భాష మీ ఇష్టం, ఎవరూ తనిఖీ చెయ్యరు. ఈ చివరి మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇన్‌టేక్ అవుట్‌పుట్, టీపీఆర్, నర్సెస్ నోట్స్, ఆడిట్ ఫారాలు, అన్నీ రాసి రాసి ఉన్న చేతులు కదా, ఇంకో పుస్తకం అనగానే మొహాలు మాడిపోయాయి. "అక్కా, ఇది కూడా పెండింగ్ పడితే మెమో ఇస్తారా?" అంది మా చిన్న సిస్టర్. ఈ పిల్లది సిరొంచ. వార్డులో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఈమె ఒక్కతే.

ఏప్రిల్ 10, గురువారం

పుస్తకంలో మొదటి రోజు: "లిఫ్ట్ పని చేసింది." పక్కన కారణం: "దేవుడి దయ."

ఏప్రిల్ 16, బుధవారం, నైట్ దిగాక

ఆ మూడు మంచి సంగతులు పడుకునే ముందు రాయాలట. నైట్ డ్యూటీ వాళ్ళం పడుకునేది పొద్దున పదింటికి. ఇంటికెళ్ళాక పిల్లల బాక్సులు, నీళ్ళు పట్టడం, కరెంటు పోవడం, ఇవన్నీ అయ్యాక. అందుకని తర్వాతి వాళ్ళకి డ్యూటీ అప్పగించేముందు, వార్డులోనే నిలబడి రాద్దామనుకున్నాం.

నైట్‌లో మాకు పనికన్నా భయం ఎక్కువ. 2021 జనవరి 9 తెల్లవారుజామున భండారా జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల యూనిట్ అంటుకుని పదిమంది శిశువులు చనిపోయారు. మా విదర్భలోదే, దూరం కాదు. ఆ తర్వాత ఇద్దరు స్టాఫ్ నర్సుల మీద కేసు నమోదైంది. అప్పటి నుంచి రాత్రి మూడింటికి ఎక్కడ ప్లగ్గు కాస్త వాసన వచ్చినా గుండె జారుతుంది. ఒకపక్క వెంటిలేటర్ అలారం, ఇంకోపక్క కొత్త అడ్మిషన్, నడుమ వాష్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఎవరిని నిలబెట్టాలి? ఈ ప్రశ్నకి 22 వాక్యాల్లో చోటు లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఎండ 45 డిగ్రీలు దాటింది. వార్డు బయట కూలర్ నీళ్ళు తాగి బతుకుతోంది, లోపల మేం. ఐస్ ప్యాక్‌లు చంకల్లో, గజ్జల్లో పెట్టి, తడి దుప్పటి కప్పి, ఫ్యాన్ తిప్పి, పదిహేను నిమిషాలకోసారి టెంపరేచర్ చూస్తున్నాం. థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ ఒకతను 41తో వచ్చాడు. సాయంత్రానికి 38.

ఆ ట్రైనర్ కుర్రాడు వాట్సాప్‌లో పేపర్లు పంపిస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు చదువుతున్నా. మార్టిన్ సెలిగ్మన్ 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాక, మన శాస్త్రం మనిషిలో చెడినదాన్నే చూస్తోంది, బాగున్నదాన్ని కూడా చూడాలన్నాడు. 2005లో ఆయన బృందం ఇంటర్నెట్‌లో కొందరితో వారం రోజులు ఈ మూడు మంచి సంగతుల పని చేయించింది. ఇంకొందరికి చిన్ననాటి జ్ఞాపకాలు రాసే పని ఇచ్చారు. మంచి సంగతులు రాసినవాళ్ళకి ఆరు నెలల తర్వాత కూడా దిగులు తక్కువగా ఉంది, ముఖ్యంగా వారం అయిపోయాక కూడా తమంతట తాము రాస్తూ ఉన్నవాళ్ళకి.

ఆసుపత్రుల వాళ్ళ మీద చేసింది డ్యూక్ యూనివర్సిటీ బ్రయన్ సెక్స్టన్. పదిహేను రోజులు, రోజుకి మూడు, మొత్తం నలభై అయిదు. ఏడాది తర్వాత కూడా అలసట తగ్గిందని 2019లో అచ్చువేశారు. పోల్చి చూడ్డానికి రాయనివాళ్ళ గుంపు మాత్రం అందులో లేదు. పైగా రాస్తామని ముందుకొచ్చినవాళ్ళే రాశారు. డబుల్ డ్యూటీ చేసి బస్సులో నిలబడి నిద్రపోయే మా చిన్న సిస్టర్ లాంటిది అలాంటి జాబితాలో పేరు ఇస్తుందా అని నా అనుమానం.

ఏప్రిల్ 28, సోమవారం

మా పాత పేషెంట్ అమ్మాయి ఒకతి మళ్ళీ వచ్చింది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. చంద్రపూర్, గడ్చిరోలిలో ఈ జబ్బు ఉన్న ఇళ్ళు ఎన్నో. 2023 జులైలో కేంద్రం దీన్ని నిర్మూలించే మిషన్ మొదలుపెట్టినప్పుడు మా వార్డులో ఈమె నొప్పితో మెలికలు తిరుగుతోంది, నాకు బాగా గుర్తు. పదిహేడేళ్ళకే చేతుల్లో నరాలన్నీ అయిపోయాయి. పట్టీ కట్టి, తట్టి, వేడి గుడ్డ కాపడం పెట్టి, ఫోన్ లైటు వేసి వెతికినా నీలంగా ఒక్కటీ పైకి రాదు. రెండు చోట్ల గుచ్చాం, రెండూ ఊరిపోయాయి.

మూడోసారి చిన్న సిస్టర్ ప్రయత్నించింది. పసుపు కాన్యులా, 24 నంబరు, చాలా సన్నది. బొటనవేలి పక్కన, మణికట్టు దగ్గర ఉన్న ఒక సన్నటి దారాన్ని చూపుడువేలితో రెండు నిమిషాలు తడుముతూనే ఉంది. పొడవలేదు. అమ్మాయితో ఏదో సినిమా గురించి మరాఠీలో మాట్లాడుతోంది. మాట మధ్యలో సూది లోపలికి వెళ్ళింది, చాంబర్‌లో రక్తం మెరిసింది. ప్లాస్టర్ వేసి, సలైన్ తెరిచి, చుక్కలు లెక్కపెట్టి, అప్పుడు చేతులు వణికాయి పిల్లకి.

పుస్తకంలో రాసింది: "పసుపు కాన్యులా, మొదటి గుచ్చుకే. కారణం: ఆ టైమ్‌లో నన్నెవరూ పిలవలేదు."

మే 1, గురువారం

మహారాష్ట్ర దినం, మేడే. సెలవు బయటి గేటు దాకానే.

మే 12, సోమవారం

ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, నర్సుల దినం. తెల్ల క్రీమ్ కేక్, టోపీ ఆకారంలో. టోపీలు మేం పెట్టుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో బేకరీవాడికి తెలీదు. మేనేజ్‌మెంట్ నుంచి ఒకాయన వచ్చి మమ్మల్ని దేవతలన్నాడు. దేవతలకి పీఎఫ్ కట్టక్కర్లేదు, అది వాళ్ళకి సౌకర్యం.

మొన్న శనివారం సిందేవాహి అడవిలో తునికాకు కోతకి వెళ్ళిన ముగ్గురు ఆడవాళ్ళని పులి చంపింది. ఈ నెలల్లో పులి పేరు వినకుండా వారం గడవదు మాకు. కేక్ ముక్క చేతిలో పట్టుకుని అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. చిన్న సిస్టర్ వాళ్ళమ్మ కూడా ఏటా ఆకు కోస్తుంది. పొద్దున నాలుగింటికి లేచి అడవిలోకి. ఫోన్ కలిసేదాకా పిల్ల కేక్ ముట్టలేదు.

జీతం సంగతి కూడా వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకలకన్నా చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి ఇరవై వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. మా ఆసుపత్రి అంతకన్నా పెద్దది. పిల్లకి చేతికొచ్చేది అందులో సగంకన్నా కాస్త ఎక్కువ.

మే 18, ఆదివారం

అరుణా షాన్‌బాగ్ పోయి ఇవాళ్టికి పదేళ్ళు.

మా తరం నర్సులకి మహారాష్ట్రలో ఆమె కథ తెలియకుండా చదువు పూర్తికాదు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరు 27 సాయంత్రం డ్యూటీ ముగించుకుని బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళినప్పుడు అక్కడే పనిచేసే ఒకడు కుక్క గొలుసుతో గొంతు బిగించి దాడిచేశాడు. మెదడుకి రక్తం అందక ఆమె ఇంక లేవలేదు. దాదాపు 42 ఏళ్ళు అదే ఆసుపత్రిలో, నాలుగో వార్డు పక్క గదిలో. ఒక తరం నర్సులు రిటైరయ్యారు, ఇంకో తరం వచ్చారు. అంతకాలం మంచాన ఉన్న మనిషికి ఒక్క పుండు పడనివ్వలేదు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు, ఆమెను పోనివ్వాలన్న పిటిషన్‌ని కొట్టేసినప్పుడు కేఈఎం నర్సుల మాటకి బరువిచ్చింది. వాళ్ళకి ఆమె తమ మనిషి.

పాజిటివ్ సైకాలజీ వాళ్ళు పనిలో అర్థం ఉండాలంటారు. సెలిగ్మన్ 2011 నాటి పుస్తకంలో బాగా బతకడానికి కావలసిన ఐదింటిలో అదొకటి. కేఈఎం నర్సులకి దాన్ని ఎవరూ స్లైడు వేసి నేర్పలేదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ముద్ద మెత్తగా చేసి పెట్టడం, వీపు తుడవడం. నాకూ ఇందులో సందేహం లేదు, ఈ పనిలో అర్థం ఉంది, వెతుక్కోనక్కర్లేదు. నన్ను కుదిపేది ఆ కథ మొదలు. ఒక నర్సు బట్టలు మార్చుకోవడానికి భద్రమైన గది లేకపోవడం. మా దగ్గర మార్చుకునే గది గడియ విరిగి ఎన్నాళ్ళయిందో. ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపుకి వీపు ఆనించి నిలబడతాం.

మే 27, మంగళవారం

పుస్తకం సగానికి పైన నిండింది. ఎవరూ తనిఖీ చెయ్యరని చెప్పాను కానీ చదవనని చెప్పలేదు. అందరినీ అడిగి, ఆఫ్ రోజు ఇంటికి తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదివాను.

దేవుడు, పిల్లల పరీక్షలు, మామిడికాయ పప్పు, ఇవి ఉన్నాయి. కోలుకున్న రోగులు చాలామంది ఉన్నారు. "పక్షవాతం అజ్జీ ఇవాళ నీళ్ళు అని స్పష్టంగా అంది." "తొమ్మిది నంబర్ తాత డిశ్చార్జ్, వెళ్తూ నా పేరు అడిగాడు." రోగుల గురించిన ఈ వాక్యాల్లో మొదట్లో బెడ్ నంబర్లే ఉండేవి. మే నెలకొచ్చేసరికి పేర్లు కనిపిస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే. మాస్లాక్ చెప్పిన రెండోది, మూడోది మా వార్డులో కాస్త కదిలాయని ఒప్పుకోవాలి. కుర్రాడికి ఈ మాట రాసి పంపాను.

కానీ అన్నిటికన్నా ఎక్కువసార్లు, మరాఠీలో, హిందీలో, మలయాళం లిపిలో, తెలుగులో, తిరిగి తిరిగి వచ్చిన మంచి సంగతి ఒక్కటే: రిలీవర్, అంటే తర్వాతి డ్యూటీ మనిషి, టైమ్‌కి వచ్చింది. దాని తర్వాత: కూర్చుని తిన్నాను. తర్వాత: బెడ్‌షీట్లు సరిపోయాయి. తర్వాత: ఇవాళ ఇద్దరం ఉన్నాం. పక్కన కారణాల గడిలో: "పేషెంట్లు తక్కువ", "మావుశి వచ్చింది", "ఎవరూ సెలవు పెట్టలేదు".

సంతోషం కోసం పెట్టిన పుస్తకంలో మేం రాసుకున్నది సిబ్బంది లెక్క. మనసు బాగు చేసుకోమని కలం చేతికిస్తే, అది వెళ్ళి డ్యూటీ చార్ట్ మీద ఆగింది. వీళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళు కారు. బాగున్న రోజు ఎందుకు బాగుందో వీళ్ళకి కచ్చితంగా తెలుసు.

మే 31, శనివారం

3:1 సంగతి తేలింది. 2005లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్షియల్ లొసాడా కలిసి ఆ నిష్పత్తి గీత 2.9013 దగ్గర ఉందని గణితంతో నిరూపించామన్నారు. 2013లో నిక్ బ్రౌన్ అనే మాస్టర్స్ విద్యార్థి, అతనితో భౌతికశాస్త్రవేత్త అలన్ సోకల్, సైకాలజిస్టు హ్యారిస్ ఫ్రీడ్‌మన్ కలిసి ఆ లెక్కలకి తలా తోకా లేదని చూపించారు. పత్రిక ఆ గణిత భాగాన్ని వెనక్కి తీసుకుంది. కుర్రాడికి ఫోన్ చేస్తే, "స్లైడు తీసేస్తా తాయీ" అన్నాడు. వెంటనే ఒప్పుకునే ట్రైనర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

తీసేసిన చోట ఏం పెట్టాలో నేనే చెప్పాను. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, పదివేలకి పైగా నర్సుల మీద చేసిన పరిశీలన. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషనైన రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సుకి బర్నౌట్ వచ్చే అవకాశం 23 శాతం పెరుగుతున్నాయి. కాలిఫోర్నియా 1999లోనే ఒక నర్సుకి ఇంతమందే అని చట్టం చేసి 2004 నుంచి అమలుపెట్టింది. మనకీ రాతలో కొరత లేదు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం పైన 30 శాతం అదనం. ఐదుగురికి ఒకరు! చేచికి చదివి వినిపిస్తే, "అయిదు మందికా? వాళ్ళకి తల కూడా దువ్వుతా నేను" అంది.

జూన్ 19, గురువారం

వాన. పాము కాట్లు మొదలు. పత్తి చేలోంచి ఇద్దరు, ఇంట్లో నేల మీద పడుకున్న బాబు ఒకడు. యాంటీవెనమ్ ఎక్కించేటప్పుడు రోగి దగ్గర్నుంచి కదలకూడదు. ఒంటి మీద దద్దుర్లు, బీపీ, ఊపిరి చూస్తూ ఉండాలి. అంటే మిగతా వార్డు మొత్తం రెండో మనిషిది. ఇవాళ రెండో మనిషి ఉంది.

సికిల్ సెల్ అమ్మాయి వచ్చింది, నొప్పితో కాదు, చెకప్‌కి. ఇవాళ ఆ జబ్బు పేరిట ప్రపంచ దినం కూడా, ఓపీడీ ముందు బ్యానర్ కట్టారు. పైకొచ్చి చిన్న సిస్టర్ కోసం అడిగింది. పిల్ల నైట్‌లో ఉంది, కలవలేదు. పుస్తకంలో రాసిపెట్టాను.

జూన్ 30, సోమవారం

మూడు సంగతులు కాగితం మీద పెట్టాను. ఒకటి, రిలీవర్ పదిహేను నిమిషాలు ముందు రావాలి, డ్యూటీ చార్ట్ మార్చాలంటే ఒక రోజు ముందు చెప్పాలి. రెండు, బట్టలు మార్చుకునే గదికి గడియ, లోపల లైటు. మూడు, సెలవుల కోసం 30 శాతం అదనపు సిబ్బంది. వెనక పుస్తకంలోంచి తీసిన లెక్క జతచేశాను, ఏ నెలలో ఎన్నిసార్లు ఏ మంచి సంగతి వచ్చిందో. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. దాంట్లో చేతిరాతలున్నాయి.

మ్యాట్రన్ మేడమ్ చదువుతూ చదువుతూ రిలీవర్ దగ్గర ఆగింది. ఆమె కూడా ముప్పై ఏళ్ళు నైట్‌లు చేసిన మనిషే. "దీన్ని పాజిటివ్ సైకాలజీ రిపోర్టు అని పై వాళ్ళకి పంపుతాను. డిమాండ్లు అని పంపితే చదవరు" అంది. నాకు తట్టని ఉపాయం.

జులై 18, శుక్రవారం

ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులు రాష్ట్రమంతా సమ్మెలో ఉన్నారు. ముంబై ఆజాద్ మైదానంలో కూర్చుని ఈ నెలే నిరసన తెలిపారు, పర్మనెంట్ భర్తీ చెయ్యాలి, కాంట్రాక్టు పద్ధతి వద్దని. 2022 మేలో కూడా ఇదే గొడవ మీద పని ఆపారు. టీవీలో ఒకాయన నర్సులు సేవాభావం మర్చిపోయారంటున్నాడు. వార్డులో ఉన్న పేషెంట్ బంధువులు అది చూసి మా వైపు చూశారు. ఒక తాత రిమోట్ తీసుకుని ఛానెల్ మార్చాడు.

మా కాగితం వెనక్కి వచ్చింది. గడియకి సంతకం అయింది, మెకానిక్ నిన్నే వేసి వెళ్ళాడు. డ్యూటీ చార్ట్ మార్చేముందు ఒక రోజు ముందు చెప్పాలన్నది ఆగస్టు నుంచి. రిలీవర్ పదిహేను నిమిషాలు ముందు రావడం మీద, వచ్చినవాళ్ళకి ఆ పదిహేను నిమిషాలు డ్యూటీలో కలుపుతారా అని చేచి అడిగింది. జవాబు రాలేదు. 30 శాతం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం, కింద 'బడ్జెట్' అని ఒక్క మాట.

వచ్చే నెల మీటింగ్‌కి దాన్ని మళ్ళీ తీసుకెళ్ళాలి. ఈసారి జూన్, జులై లెక్క కూడా జతచెయ్యాలి. చిన్న సిస్టర్ కంప్యూటర్‌లో టేబుల్ వేసిపెడతానంది, నైట్ ఆఫ్ రోజు. నైట్ ఆఫ్ రోజు వద్దని చెప్పాను, డ్యూటీలోనే గంట విడిపిస్తాను. ఆ గంట ఆమె పేషెంట్లని ఎవరు చూస్తారో శనివారం చార్ట్ వేసేటప్పుడు తేల్చాలి.